రెండు చెంచాల వేరుశనగ సూపు

శశికాంత్ పంపిన జాబితా వాట్సాప్‌లో రెండు భాగాలుగా వచ్చింది. వండదగినవి ఒక భాగం, వండకూడనివి ఒక భాగం. ఛాయాదేవి సన్నీవేల్‌లోని తన ఇంటి వంటగదిలో నిలబడి, కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని, రెండో భాగమే ముందు చదివింది. బంగాళాదుంప. టమాటా. పచ్చిమిరప, ఎండుమిరప. వేరుశనగ. మొక్కజొన్న. బీన్స్. క్యాప్సికమ్.

హరనాథ్ పోయిన తర్వాత వచ్చే మొదటి తద్దినానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆయన ఇష్టంగా తిన్నవన్నీ వండకూడని భాగంలోనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఇవతలికి రాలేదు.

శశికాంత్ ఆమె మరిది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కార్ల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. హరనాథ్‌కి కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు హాసిని. అందుకని నెలనెలా మాసికాలకి తమ్ముడే విమానమెక్కి వచ్చి వెళ్తున్నాడు. మడి, ఆచారం అంటే అతనికి ప్రాణం. జాబితా రాగానే ఛాయాదేవి ఫోన్ చేసింది.

"శశీ, వేరుశనగ కూడా వద్దా?"

"వద్దు వదినా. నువ్వులుంటే చాలు. పితృదేవతలకి నువ్వులే ఇష్టం."

"ఒక్క కూరలోనైనా మిరపకాయ..."

"మిరియాలు వెయ్యండి. మా అమ్మ అలాగే చేసేది. ఇరవై రెండేళ్ళు లైబ్రరీలో రూల్సు చెప్పిన మనిషి మీరు, మీకు నేను రూల్స్ చెప్పాలా?" అని నవ్వాడు.

ఛాయాదేవి నవ్వలేదు. ఫోన్ పెట్టేసి, అల్మారాలోంచి పచ్చి వేరుశనగల సంచీ తీసి బల్ల మీద పెట్టింది. దాని ఎదురుగా కూర్చుంది. ఆయన చివరి రోజుల్లో నోరు తెరిచి అడిగింది ఒకటుంది. అది ఆమె పెట్టలేదు. ఇప్పుడైనా ఒక్కసారి ఆయన పేరున విస్తట్లో పడాలి. ఈ ఏడాదంతా ఆమె మనసులో ఉన్న కోరిక అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు.

ఆమె చెప్పుకునే మనిషి కాదు, వినే మనిషి. బాపట్లలో పుట్టింది. పెళ్ళయి ఎనభై నాలుగులో కాలిఫోర్నియా వచ్చింది. హాసిని బడికి వెళ్ళడం మొదలయ్యాక ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనికి చేరి, చివరికి కౌంటర్ దాకా వచ్చి అక్కడే రిటైరయింది. ఆమెకో గుణం ఉంది. అచ్చులో ఉన్నదాన్ని నమ్ముతుంది. మందు సీసా మీద భోజనానికి అరగంట ముందు అని రాసుంటే, గడియారం చూసి సరిగ్గా అరగంట ముందే వేసుకుంటుంది. "మీ అమ్మ ఎదురుగా బోర్డు లేకపోతే ఊపిరి కూడా పీల్చుకోదే," అని హరనాథ్ కూతురి దగ్గర ఏడిపించేవాడు.

హరనాథ్ అందుకు పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. పగలంతా చిప్‌లు తయారుచేసే కంపెనీలో తెల్ల గౌను, మూతికి గుడ్డ వేసుకుని దుమ్ము రేణువుల లెక్కలు చూసుకున్నా, శనివారం వస్తే చాలు, సంతకు పోయి కూరగాయలమ్మేవాళ్ళతో చుట్టరికాలు కలుపుకునేవాడు. ఇదేం కాయ, ఎక్కడ పండింది, మీ అమ్మ దీన్ని ఎలా వండేది? వాళ్ళు విసుక్కునేదాకా అడిగేవాడు. ఛాయాదేవి సంచీ పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడేది. సిగ్గుగానూ ఉండేది, వినాలనీ ఉండేది.

రిటైరైన ఏడాది ఆయన ఎక్కడో చదివి వచ్చి, కాఫీ తాగుతూ, "ఛాయా, మిరపకాయ మనది కాదుట తెలుసా?" అన్నాడు.

"గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని పట్టుకుని ఆ మాటంటారా?"

"నిజమే. దక్షిణ అమెరికాది. బొలీవియా అంటున్నారు. వేరుశనగా అటువైపుదే. టమాటా, ఆలుగడ్డా కూడాను. పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి వచ్చాయి. అంటే మీ ముత్తాతకి ముత్తాత మిరియాల చారు తాగి బతికాడన్నమాట."

"పాపం."

"అందుకే పోదాం పద. దాని పుట్టింటికి వెళ్ళి ఓసారి పలకరించి వద్దాం."

మొదటిసారి పెరూ వెళ్ళారు. అందరూ కొండ మీది శిథిలాలు చూడ్డానికి బస్సులెక్కుతుంటే వీళ్ళిద్దరూ కుస్కో ఊళ్ళో మార్కెట్లో మూడు రోజులు తిరిగారు. మాంసం, చేప, కోడి, వాటి రసం ఏదీ వద్దని స్పానిష్‌లో రాసిన అట్టముక్కను ఛాయాదేవి మెళ్ళో కట్టుకున్నట్టే పట్టుకుని తిరిగింది. అక్కడ ఆలుగడ్డలు రాశులు పోసి ఉన్నాయి. నల్లవి, ఊదావి, అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయినవి. రాత్రి మంచులో ఆరబెట్టి, పొద్దున కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేసి ఎండబెట్టిన దుంపలు ఒక బుట్టలో ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే గులకరాయిలా కనిపించి దూదిలా తేలికగా ఉన్నాయి. అవి ఏళ్ళ తరబడి పాడవవుట. "మన వడియాల్లాంటివేనండీ," అంది ఛాయాదేవి. ఆ మాటను హరనాథ్ యాప్‌లో నేర్చుకున్న స్పానిష్‌లో ఆ దుంపలామెకు చెప్పబోయాడు. ఆమెకేం అర్థమైందో, నవ్వి ఇంకో రెండు దుంపలు ఊరికే వేసింది.

అక్కడే ఆయన ఎర్రగా, గుండ్రంగా, టమాటాలా ఉన్న కాయ ఒకటి కొని కొరికేశాడు. అది మిరపకాయ. అలాంటిలాంటిది కాదు. కళ్ళమ్మటా ముక్కమ్మటా నీళ్ళు కారి, వెక్కిళ్ళు పట్టుకుని, ఆ వీధిలో వాళ్ళంతా పని మానేసి నవ్వుతుంటే, ఆయన వెక్కిళ్ళ మధ్యనే ఆమె చెయ్యి పట్టుకుని, "ఇదే ఛాయా, పుట్టిల్లు ఇదే!" అన్నాడు.

రెండువేల పంతొమ్మిది అక్టోబరులో బొలీవియా వెళ్ళారు. కొచబాంబాలో పెద్ద సంత. దాని మధ్యలో వరసగా కుండలు పెట్టుకుని భోజనాలు అమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారు. అందులో ఒకామె ఇల్డా. లావుపాటి మనిషి, రెండు జడలు, మాటకి ముందు నవ్వు. ఆమె కుండలో తెల్లటి సూపు ఉడుకుతోంది. పచ్చి వేరుశనగల్ని నానబెట్టి రాతి మీద వెన్నలా నూరి, నీళ్ళలో కలిపి గంటల తరబడి మరిగించి, ఆలుగడ్డ ముక్కలు వేస్తారు. హరనాథ్ ఆ వాసనకే ఆగిపోయాడు. ఛాయాదేవి అట్టముక్క చూపించింది. ఇల్డా చదివి, పక్కామెకు చూపించి, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. మాంసం లేకపోతే అది సూపెలా అవుతుంది?

కానీ మర్నాడు ఈయన మళ్ళీ వెళ్ళి ఆ బల్ల మీదే కూర్చున్నాడు. అప్పుడు ఇల్డా ఒక చిన్న గిన్నె విడిగా పెట్టి ఉత్తి నీళ్ళతో వండింది. వేరుశనగలు నూరే పని ఛాయాదేవికిచ్చింది. బల్లపరుపు రాయి, దాని మీద అర్ధచంద్రంలా ఉన్న ఇంకో రాయి. రెండు చేతులతో పట్టుకుని ఇటూ అటూ ఊపుతుంటే గింజలు నలిగి పాలు కారాయి. తర్వాత అదే రాతి మీద టమాటా, మిరపకాయ, ఏదో ఘాటైన ఆకు వేసి పచ్చడి నూరారు. ఛాయాదేవి వేలు పెట్టి నాకి, "అచ్చం మన రోటిపచ్చడేనండీ," అంది. బాపట్లలో అమ్మమ్మ రోటి దగ్గర కూర్చుని నాకిన రుచి. పదమూడు వేల అడుగుల కొండలు దాటి వచ్చి అది ఇక్కడ కూర్చుందన్నట్టు ఆమెకు కళ్ళు చెమర్చాయి.

హరనాథ్ మూడు గిన్నెలు తాగాడు. ఇల్డా ఆయన తినడం చూస్తూ ఏదో చెప్పింది. ఆయన తనకర్థమైనంత భార్యకు చెప్పాడు. ఇంకో రెండు వారాల్లో వీళ్ళ చనిపోయినవాళ్ళు ఇంటికి వస్తారుట. బల్ల వేసి, వాళ్ళకేది ఇష్టమో అదే వండి పెడతారుట. ఇల్డా మొగుడికి ఈ సూపంటే పిచ్చి. పైన ఆలుగడ్డ వేపుడు దండిగా ఉండాలి. తక్కువైతే బతికున్నప్పుడు అలిగేవాడు, ఇప్పుడూ అలుగుతాడని భయం.

"విన్నావా? వీళ్ళ పని హాయి. మన దగ్గరైతే ఎంత మొత్తుకున్నా నాకు ఆ రోజున అరటికాయ కూర, మిరియాల చారే గతి. మిరపకాయ వచ్చి అయిదొందల ఏళ్ళయి, వంటిల్లంతా ఆక్రమించుకున్నా, ఆ ఒక్క రోజు మాత్రం దాన్ని గుమ్మం బయటే నిలబెడతారు."

"తింటూ ఏం మాటలండీ అవి? నోరు మూసుకుని తాగండి."

"నోరు మూసుకుంటే ఎలా తాగను?"

ఇంటికొచ్చాక ఆమె ఆ సూపు పదిసార్లైనా చేసి ఉంటుంది. మిక్సీలో వేస్తే రాతి మీద వచ్చిన మెత్తదనం రాలేదు. ఆయన మాత్రం ప్రతిసారీ, "ఇల్డా ఓడిపోయింది," అనేవాడు.

ఆ పైన మూడేళ్ళకి, ఒక జనవరిలో ఆయన నడుం నొప్పి అన్నాడు. ఫిబ్రవరిలో అది పాంక్రియాస్ అని తేలింది. ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. కారం వద్దు. నూనె గింజలు వద్దు. పుల్లనివి వద్దు. ఉడకబెట్టిన మెత్తటి పదార్థాలు కొంచెం కొంచెంగా, రోజుకి ఆరుసార్లు. ఛాయాదేవి దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అందులో ఉన్నది ఉన్నట్టు చేసింది. పెరుగన్నం, పెసరకట్టు, ఆపిల్ గుజ్జు. కీమో నడిచినన్నాళ్ళూ ఆ కాగితమే ఆమెకు ధైర్యం. ఆయనకి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియని రోజుల్లో, ఏం చెయ్యకూడదో అందులో స్పష్టంగా రాసి ఉంది.

జూన్ నెలలో డాక్టర్లు ఇక మందు ఆపేద్దామన్నారు. మనిషిని ఇంటికి పంపి, నొప్పి తెలియకుండా చూసే నర్సులు వారానికి మూడుసార్లు వచ్చే ఏర్పాటు చేశారు. హాల్లో మంచం వేశారు. అప్పుడే ఒక మధ్యాహ్నం హరనాథ్ కళ్ళు తెరిచి, "ఛాయా, ఆ వేరుశనగల సూపు చెయ్యవూ. రెండు చెంచాలు చాలు," అన్నాడు.

"కొంచెం తేరుకోనివ్వండి. తప్పకుండా చేస్తాను."

రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగాడు. "పచ్చడి కూడా. చెంచా చివర ముంచి పెట్టు, చాలు."

"కారం వద్దన్నారు కదండీ. కడుపులో మంట పుడితే మీరే బాధపడతారు."

మూడోసారి అడగలేదు. ఆమె ఆపిల్ గుజ్జు గిన్నె పట్టుకుని దగ్గరికి వస్తే, వంటింటి వైపు ఒకసారి చూసి నోరు తెరిచాడు. అంతే. జులైలో పోయాడు.

పోయిన నాలుగో రోజున మంచం, మిగిలిన మందులు తీసుకుపోవడానికి నర్సు వచ్చింది. పెద్దావిడ, మంచిది. మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వచ్చి ఫ్రిజ్ మీది కాగితం చూసింది. "ఇది ఇంకా ఇక్కడే ఉందా? మేం రావడం మొదలయ్యాక దీంతో పని లేదు కదా. బాగవ్వాల్సినవాళ్ళకి ఇది. ఆయన ఏదడిగితే అది పెట్టి ఉండొచ్చు," అంది. మామూలుగా, మెత్తగా అంది. అనేసి గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఎవరో ఒకరు ఆ మాట చెప్పి ఉంటారని డాక్టర్లూ నర్సులూ అనుకున్నారు. చెప్పకపోయినా తెలుస్తుందనుకున్నారు. వేరే ఎవరికైనా తెలిసేదేమో. ఛాయాదేవికి కాగితం తీసెయ్యమని ఇంకో కాగితం రాలేదు.

తద్దినానికి ముందు రోజు మధ్యాహ్నానికి శశికాంత్ వచ్చాడు. సియాటిల్ నుంచి హాసిని పొద్దున్నే వచ్చి ఇల్లంతా కడిగింది. శశికాంత్ స్నానం చేసి, పంచె కట్టుకుని, రేపటి వంటకి పొయ్యి చూసుకుందామని వంటగదిలోకి వచ్చాడు. గట్టు మీద గిన్నెలో వేరుశనగలు నానుతున్నాయి. పక్కనే నాలుగు ఆలుగడ్డలు, రెడ్‌వుడ్ సిటీలో దక్షిణ అమెరికా సరుకులమ్మే దుకాణం నుంచి తెచ్చిన ఎర్రటి గుండ్రటి మిరపకాయలు.

"ఇవేంటి వదినా? ఇవాళ వంటింట్లోకి ఇవెందుకొచ్చాయి?"

"రేపటికి."

"రేపటికా? లిస్ట్ చూడలేదా మీరు?"

"చూశాను. తొమ్మిది రోజులుగా అదే చూస్తున్నాను."

"మరి?"

హాసిని తలుపు దగ్గరికి వచ్చింది. "బాబాయ్, నాన్నకి ఇష్టం ఉండేది పెడితే ఏం ప్రాబ్లమ్? ఐ మీన్, ఆయన కోసమే కదా మనం చేసేది?"

"నీకు తెలీదమ్మా, నువ్వుండు. ఇది బర్త్‌డే కాదు, ఇష్టమైన కేక్ ఆర్డర్ చెయ్యడానికి."

"నేను కేక్ అనలేదు బాబాయ్."

"హాసినీ, నువ్వు ఊరుకో," అంది ఛాయాదేవి. గట్టు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఆమె ఏడాదిగా ఎవరికీ చెప్పనిది చెప్పింది. ఆయన మొదటిసారి అడిగింది. రెండోసారి అడిగింది. మూడోసారి అడగనిది. నర్సు నీళ్ళు తాగి అన్న మాట. గొంతు పెంచలేదు, ఏడవలేదు. లైబ్రరీ కౌంటర్ దగ్గర ఎవరికో ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పినట్టు వరసగా చెప్పింది.

"అప్పుడూ ఒక కాగితం చూసే ఆయన్ని పస్తు పెట్టాను శశీ. ఇప్పుడు నువ్వింకో కాగితం పంపావు."

హాసిని తలుపు వదిలి తల్లి దగ్గరికి వచ్చింది. "అమ్మా, నాకెందుకు చెప్పలేదు నువ్వు? నేను అడిగేదాన్ని వాళ్ళని. ఒక్క ఫోన్ కాల్..." అని ఆగిపోయింది. ఆ మాట తల్లికి ఎలా తగులుతుందో అన్నాక తెలిసింది.

శశికాంత్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అన్నగారు అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. చదువు చెప్పించి ఈ దేశానికి దారి చూపించింది ఆయనే.

"వదినా, మీరనుకుంటున్నారు నేను ఆచారం కోసం పట్టుబడుతున్నానని. అది కాదు. నాకు భయం. నేనేదైనా తప్పు చేస్తే ఆయనకి అందదేమోనని భయం. ఇకనుంచి ఏడాదికి ఒక్క పూట. అదీ నా చేతుల మీదుగా. నా పొరపాటు వల్ల ఆయన పస్తుంటే?"

ఇద్దరిదీ ఒకే భయం అని అప్పుడు ఛాయాదేవికి తెలిసింది. తెలిశాక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

అతనే అన్నాడు: "ఒక పని చెయ్యండి. వేరుశనగకి బదులు నువ్వులు. ఆలుగడ్డకి కంద. మిరపకాయకి మిరియాలు. సూపు మీరెలా చేస్తారో అలాగే చెయ్యండి. అన్నయ్య ఎలాగూ సర్దుకుపోయే మనిషి."

"అవును. ఎప్పుడూ ఆయనే సర్దుకునేవాడు," అంది ఛాయాదేవి. నానిన గింజలు వంచేసి, గిన్నె కడిగి, గట్టు తుడిచి, నువ్వుల డబ్బా తీసింది.

మర్నాడు పొద్దున్నే పురోహితుడు యజ్ఞేశ్వర శర్మగారు వచ్చి, అగ్నిహోత్రం ఇంట్లో పెడితే స్మోక్ అలారం మోగి ఫైరింజను వచ్చిన కథ ఒకటి చెప్పి, పెరట్లో రేకు కింద ఏర్పాటు చేశారు. పితృస్థానంలో కూర్చోవడానికి శాంటా క్లారా నుంచి అవినాష్ అనే కుర్రాడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీసా మీద ఉన్నాడు. తండ్రి కోరాడని ఏడాదికి నాలుగైదు ఇళ్ళలో భోక్తగా కూర్చుంటాడు. రాత్రి నుంచీ ఉపవాసం. "ఆంటీ, టూ వరకు క్యాలెండర్ బ్లాక్ చేశాను, కంగారు పడకండి," అన్నాడు. రెండో భోక్త గుడి నుంచి వచ్చిన పెద్దాయన.

ఛాయాదేవి తడిపి ఆరేసుకున్న మడిచీర కట్టుకుని తెల్లవారకముందే వంట మొదలెట్టింది. రుచి చూడకూడదు. అందుకని ఆ నువ్వుల సూపు ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. నువ్వులు నూరినప్పుడు వచ్చిన వాసన కొచబాంబాది కాదు. అమ్మమ్మ ఇంటిది.

విస్తళ్ళు వేసి వడ్డించారు. అరటికాయ కూర, కాకరకాయ, పెసరపప్పు, గారెలు, పరమాన్నం, చిన్న దొప్పలో ఆ సూపు. తినేటప్పుడు భోక్తలు మాట్లాడకూడదు. బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. వంటగది గుమ్మం పక్కన నిలబడి ఛాయాదేవి అవినాష్ చేతినే చూసింది. దొప్ప ఎత్తి తాగాడు. కింద పెట్టాడు. మొహంలో ఏమీ తెలియలేదు. మర్యాద తెలిసిన పిల్లాడు.

భోజనం చివర కర్త అడగాలి, తృప్తి అయిందా అని. వాళ్ళు అయిందని చెప్పాలి. అది చెబితేనే పైవాళ్ళకి అందినట్టు. శర్మగారు మంత్రం అందించారు.

"అడగండి శశికాంత్ గారూ. తృప్తాస్థ?"

శశికాంత్ నోరు తెరిచాడు. మాట రాలేదు.

శర్మగారు మళ్ళీ అన్నారు. శశికాంత్ అవినాష్ వంక చూశాడు, ఖాళీ అయిన దొప్ప వంక చూశాడు, తలతిప్పి గుమ్మం దగ్గరున్న వదిన వంక చూశాడు. నిన్నటిదాకా అది అతనికొక మంత్రం. ఇవాళ నిజంగా అడగాల్సిన ప్రశ్న అయి కూర్చుంది. భోక్తలు చేతులు విస్తట్లోనే ఉంచి ఆగారు. అడగకపోతే వాళ్ళు లేవడానికి లేదు.

"వదినా, నేను... నాకు నోరు రావట్లేదు."

"అడుగు శశీ," అంది ఛాయాదేవి. "పాపం ఆ అబ్బాయి చెయ్యి ఎండిపోతోంది. అడుగు."

"తృప్తాస్థ?" అన్నాడు శశికాంత్, వినీ వినపడకుండా.

"తృప్తాస్మః," అన్నారు ఇద్దరూ.

స్వరం తప్పకుండా, ఎక్కడా తడబడకుండా అన్నారు. ఛాయాదేవి చేతులు జోడించింది. ఏడాదిగా ఆ ఒక్క మాట వినాలని ఎదురుచూసింది. విన్నాక తెలిసింది, ఆ మాట ఆమె అడిగినదానికి జవాబు కాదని. వచ్చినవాళ్ళకి కడుపు నిండింది. పద్ధతి ప్రకారం ఆయనకీ నిండి ఉంటుంది. జూన్ నెలలో హాల్లో మంచం మీద అడిగిన మనిషి మాత్రం అక్కడే ఉండిపోయాడు.

భోక్తలు వెళ్ళాక ఇంట్లోవాళ్ళు భోజనానికి కూర్చున్నారు. ఛాయాదేవి మిగిలిన సూపు వేసుకుని నోట్లో పెట్టుకుంది. మిరియాల ఘాటు, నువ్వుల చేదు, కంద దురద. బాగానే ఉంది. ఆయన అడిగింది ఇది కాదు.

ఆ మర్నాడు శశికాంత్‌కి సాయంత్రం ఫ్లైట్. పొద్దున తొమ్మిదింటికి అతను సూట్‌కేసు సర్దుకుని బయటికి వచ్చేసరికి మిక్సీ తిరుగుతోంది. పొయ్యి మీద వేరుశనగ సూపు తెల్లగా పొంగుతోంది. ఎవరూ చెయ్యమనలేదు, వద్దనలేదు. హాసిని బల్ల దగ్గర కూర్చుని ఆలుగడ్డలు సన్నగా తరుగుతోంది, వేపుడుకి. ఛాయాదేవి టమాటా, ఆ ఎర్ర మిరపకాయ కలిపి చిన్న రోట్లో దంచుతోంది.

"ఎంత సేపు పడుతుంది వదినా?"

"ఇంకో గంట. తొందరపడితే పచ్చివాసన పోదు."

శశికాంత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె గరిటె తిప్పుతూ ఉంది. లోపల్లోపల ఆమెకొక ఆశ ఉంది. చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇది కుదరకూడదని. ఇన్నాళ్ళ తర్వాత చెయ్యి మరిచిపోయి, గింజలు అడుగంటి, పచ్చి కంపు కొడితే బాగుండునని. అప్పుడు అనుకోవచ్చు, చేసి పెట్టినా ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని మొహం తిప్పుకునేవాడేనని. ఆ మాట అడ్డం పెట్టుకుని మిగిలిన రోజులు వెళ్ళదీయవచ్చు.

గిన్నెల్లో పోసింది. పైన వేపుడు వేసింది. శశికాంత్ చెంచా చివర పచ్చడిలో ముంచి, సూపుతో కలిపి తాగాడు. రెండోసారి తాగాడు. నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కారం వల్లో కాదో అతనికే తెలియాలి.

ఛాయాదేవి కూడా ఒక చెంచా తాగి చూసింది. నాలుక మీద మెత్తగా, వెన్నలా పరుచుకుంది. వెనకాల నుంచి కారం నెమ్మదిగా వచ్చి గొంతు పట్టుకుంది. ఇంతకు ముందు చేసిన పదిసార్లలోనూ ఇంత బాగా రాలేదు. ఇల్డా చేతి సూపుకి తీసిపోదు.

చెంచా గిన్నెలో వదిలేసింది.

"అమ్మా, తిను," అంది హాసిని.

"తింటాలే."

శశికాంత్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పాలనుకున్నాడేమో. చెప్పలేకపోయాడు.

"అన్నయ్య ఇది తాగేవాడు వదినా. అంత నీరసంలోనూ తాగేవాడు."

"తెలుసు," అంది ఛాయాదేవి.

అతను ఖాళీ గిన్నె ముందుకు జరిపాడు. ఆమె లేచి, గరిటె తీసుకుని, నిండా పోసింది.